కెనడా నుంచి తెచ్చుకోవాల్సింది మందేనా?

పోయిన నెల జరిగిన అంతర్ కళాశాల వక్తృత్వ పోటీలో నాకు వచ్చిన అంశం "విదేశాల నుంచి చవక మందులు దిగుమతి చేసుకోవచ్చా?" అని. చీటీ తీస్తే "అవును" పక్షం వచ్చింది. నాలుగు నిమిషాలు గడగడా మాట్లాడేసినాను. రెండో బహుమతి వచ్చింది. మన డిపార్ట్‌మెంటులో మేడమ్ గారు స్వీట్లు కూడా పంచారు, మీరందరూ తిన్నారు. అయితే ఆ నాలుగు నిమిషాల్లో నేను ఒక సంగతి కావాలనే చెప్పలేదు. చెప్తే నా పక్షం ఓడిపోతుందని భయం. ఇక్కడ గంట కొట్టేవాళ్లు లేరు, మార్కులు వేసేవాళ్లు లేరు కాబట్టి మొత్తం రాస్తున్నాను. మూడు చార్టులు పట్టింది. ఓపిగ్గా నిలబడి చదవండి.

మా నాయనకు అక్క, నాకు మేనత్త, అమెరికాలో ఫ్లోరిడాలో ఉంటుంది. చాలా ఏళ్లుగా చక్కెర జబ్బు, ఇన్సులిన్ మీదే ఉంది. 2022లో మామకు ఉద్యోగం పోయింది. అక్కడ ఉద్యోగం పోతే దాంతోపాటు ఇన్స్యూరెన్సూ పోతుంది. అత్త వాడే ఇన్సులిన్ సీసా ఒక్కటి 275 డాలర్లు, నెలకు రెండు కావాలి. ఆ వేసవిలో అత్త మెడ్రాసుకు వచ్చినప్పుడు, తిరిగి పోయేముందు నాయనను అడిగింది: "ఒరే, ఈడ చవగ్గా దొరుకుతుంది గదా, మూడు నెలలకు తీసిపెట్టు, ఈలోగా ఆయనకు ఏదో ఒక పని దొరక్కపోదు" అని.

మాకు తెలిసిన డాక్టరమ్మ పాత రకం ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేసుకోవాలో లెక్క చూసి చీటీ రాసిచ్చింది. నాయన, నేను వీధి చివర మందులంగడికి పోయినాం. సీసా నూటయాభై రూపాయల చిల్లర. ఆరు సీసాలు తీసుకున్నా అక్కడి ఒక్క సీసాలో ఇరవయ్యో వంతు ధర కాదు. అంగడాయన ఐసు ప్యాకెట్టు పెట్టి కట్టి ఇచ్చి, "సిరింజ్ వేండామా?" అని అడిగినాడు. నాయన నా వైపు చూసినాడు. నేనే అన్నాను, "వేండాం, అంగె నిఱైయ ఇరుక్కు" అని. అత్త దగ్గర అక్కడ పెట్టెలకొద్దీ సిరంజీలున్నాయి. ఇక్కడ పెట్టెలో ఇంకో కిలోకే చోటుంది, ఆ కిలో మురుకులకని అవ్వ ముందే చెప్పిపెట్టింది. అంతే, అంతకుమించి నేను ఏమీ ఆలోచించలేదు.

మూడు వారాలకు ఫోనొచ్చింది. అత్తకు చక్కెర 400 దాటింది, వాంతులు, కళ్లు తిరగడం, రాత్రికి రాత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోయినారు. మందు నకిలీ అయ్యుంటుందని అక్కడ మామ, ఎండకు పాడైపోయుంటుందని ఇక్కడ నాయన. రెండూ కాదు. అక్కడి నర్సు సీసా తీసి వెలుతుర్లో పెట్టి చూసి చెప్పిందట, ఇది 40ది అని.

మనలో ఎంతమందికి ఇది తెలుసో నాకు తెలీదు, నాకైతే అప్పటిదాకా తెలీదు. ఇండియాలో అమ్మే ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ వాటిలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి. వాటికి ఎర్ర మూత సిరంజీ వేరే ఉంటుంది. అమెరికాలో సీసాలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు, దానికి నారింజ రంగు మూత సిరంజీ. మన 40 సీసాలోంచి వాళ్ల 100 సిరంజీతో "20" గీత దాకా తీస్తే లోపలికి వచ్చేది 8 యూనిట్లే. డాక్టరమ్మ రాసిన లెక్క సరి. మందు మంచిది. అత్త గీత చూసి సరిగ్గానే తీసుకుంది. అయినా మూడు వారాలు ఆమె ఒంట్లోకి పోయింది ఐదింట రెండు వంతులే. అంగడాయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు నేను "వేండాం" అని ఉండకపోతే ఇదంతా జరిగేది కాదు.

అత్త బాగైంది. ఆ రాత్రికి ఆసుపత్రి బిల్లు ఎంతయిందో మాత్రం ఇప్పటికీ మాకు చెప్పదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పోటీలో "అవును, తెచ్చుకోవచ్చు, మందు ఎక్కడైనా మందే" అని బల్ల గుద్ది చెప్పినదాన్ని నేను. అందుకే రెండో బహుమతి సర్టిఫికెట్టు ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలీక పుస్తకాల కింద పెట్టినాను.

అయితే "దిగుమతి వద్దు" అంటావా అని అడుగుతారు. అట్లా అనను. నేను మారింది వేరే విధంగా.

అమెరికాలో ఈ గొడవ చాలా పాతది. 1988లో వాళ్లు ఒక చట్టం చేసి, అమెరికాలో తయారై బయటికి ఎగుమతైన మందును మళ్లీ లోపలికి తెచ్చే హక్కు తయారుచేసిన కంపెనీకి తప్ప ఎవరికీ లేదన్నారు. నకిలీలు, కాలం చెల్లిన సరుకు తిరిగొస్తాయని కారణం. కానీ సరిహద్దు దాటితే కెనడాలో అదే కంపెనీ అదే మాత్ర సగం ధరకూ అంతకన్నా తక్కువకూ అమ్ముతుంటే జనం చూస్తూ కూర్చుంటారా? 1999లో వెర్మాంట్ ప్రతినిధి బెర్నీ శాండర్స్ రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆడవాళ్లను బస్సులో మాంట్రియల్‌కు తీసుకుపోయినాడు. టామోక్సిఫెన్ మాత్ర అక్కడ పదో వంతు ధరకు దొరికింది. ఇరవై ఏళ్ల తర్వాత 2019లో అదే మనిషి, ఈసారి చక్కెర జబ్బు వాళ్లను డెట్రాయిట్ నుంచి విండ్సర్‌కు తీసుకుపోయి ఇన్సులిన్ కొనిపించినాడు. ఇరవై ఏళ్లకు బస్సు మారింది, జబ్బు మారింది, పోయే దారి మాత్రం అదే.

అందులోనూ ఇన్సులిన్ పుట్టింది కెనడాలోనే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు కనిపెట్టినారు. దాని పేటెంటును తలా ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి రాసిచ్చేసినారు, ఎవరూ దీనిమీద గుత్తాధిపత్యం చేయకూడదని. ఇక అత్త వాడే రకం సంగతి చూడండి. 1996లో మార్కెట్లోకి వచ్చినప్పుడు సీసా 21 డాలర్లు. అదే సీసా 275 దాకా పోయింది. మధ్యలో ఆ మందులో మారిందేమీ లేదు.

సరే, చట్టం సంగతి. 2000లో ఒకసారి, 2003లో ఇంకోసారి అమెరికా కాంగ్రెసు దిగుమతికి దారి తెరిచింది. కానీ ఒక షరతు పెట్టింది: దీనివల్ల ప్రజల ఆరోగ్యానికి అదనపు ముప్పు లేదనీ, ఖర్చు గణనీయంగా తగ్గుతుందనీ ఆరోగ్యశాఖ మంత్రి రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టడానికి ఏ పార్టీ మంత్రికీ చేయి రాలేదు. 2020 సెప్టెంబరులో గానీ మొదటి సంతకం పడలేదు. అత్త ఉండే ఫ్లోరిడా రాష్ట్రం 2019లోనే తన చట్టం చేసుకుని, 2024 జనవరిలో అనుమతి తెచ్చుకుంది. అప్పుడు మా ఇంట్లో పండగే. అవ్వ అయితే, "ఇంక మనం పెట్టెలో తీసకపోయే పని లేదులే" అనింది.

తర్వాత నేను పోటీకోసం చదువుతుంటే తెలిసింది, ఆ చట్టంలో ఇన్సులిన్ లేదు. జీవ పదార్థాల నుంచి తయారయ్యే మందులను, నరానికి ఎక్కించే మందులను ఆ దిగుమతి దారిలోంచి ముందే తీసేసినారు. అంటే ఏ మందు కోసం జనం బస్సులెక్కి సరిహద్దు దాటినారో ఆ మందుకే ఆ తలుపు మూత. తలుపు తెరిచిన మందులైనా వచ్చినాయా అంటే, అనుమతి వచ్చి ఏడాది గడిచినా కెనడా నుంచి ఫ్లోరిడాకు ఒక్క పెట్టె దిగలేదు.

ఎందుకు దిగలేదంటే, ఇక్కడ కెనడా మాట కూడా వినాలి. పోటీలో నేను వినిపించలేదు, టైము లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. కెనడా జనాభా దాదాపు 4 కోట్లు. అమెరికాది 33 కోట్లు పైనే. ఒక్క ఫ్లోరిడాలోనే రెండు కోట్ల మందికి పైగా ఉన్నారు. కెనడా తన మందుల్లో ఎక్కువ భాగం తానే బయటినుంచి తెప్పించుకుంటుంది. మన వీధిలో ఒకరింట్లో మెట్రో వాటర్ బాగా వస్తుందనుకోండి. పక్కింటామె ఒక బిందె అడిగితే ఎవరూ కాదనరు. ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటు మొత్తం బిందెలతో, ట్యాంకర్‌తో వచ్చి నిలబడితే? కెనడా 2020 నవంబరులోనే ఒక ఆజ్ఞ తెచ్చింది, తమ దేశంలో కొరత తెచ్చేటట్టయితే మందులు బయటికి అమ్మకూడదని. నాకు అది స్వార్థంగా కనిపించలేదు. కంపెనీలకు కూడా, కెనడాకు పంపిన సరుకు అమెరికాకు తిరిగిపోతుందని తెలిస్తే కెనడాకే తక్కువ పంపే వీలుంది.

ఇంతకీ కెనడాలో ఎందుకు చవక? అక్కడి నీళ్లు మంచివనా? 1987 నుంచి అక్కడ పేటెంటు మందుల ధరలను పరిశీలించే బోర్డు ఒకటుంది, ధర మితిమీరితే అడుగుతుంది. రాష్ట్రాలు విడివిడిగా కాక కలిసి కూర్చుని కంపెనీలతో బేరం ఆడతాయి. అంతే రహస్యం. ఇక అమెరికా ఏం చేసిందో చూడండి. దిగుమతికి షరతులతో దారి తెరిచిన అదే 2003 చట్టంలోనే, ముసలివాళ్లకు మందులిచ్చే ప్రభుత్వ పథకం మెడికేర్ కంపెనీలతో ధర బేరమాడకూడదని కూడా రాసినారు. ఒకే చట్టం. ఒక పేజీలో "మేం బేరమాడం" అని, ఇంకో పేజీలో "పక్క దేశం ఆడిన బేరం మాకు తెచ్చుకుంటాం" అని. నేను దీన్ని చదివి పెద్దగా నవ్వినాను, లైబ్రరీ అక్క వేలు పెట్టి చూపించింది నోరు మూసుకోమని.

నా అభిప్రాయం మొత్తం ఈ చోటే ఉంది. కెనడా మందు దిగుమతి చేసుకుంటామనే ప్రభుత్వం నిజానికి దిగుమతి చేసుకోవాలనుకునేది కెనడా చేసిన బేరాన్ని. బేరం పెట్టెలో రాదు. 2022లో అమెరికా కొత్త చట్టం చేసి, మెడికేర్ మొదట 10 మందులకు బేరమాడే వీలు కల్పించింది. ఆ ధరలు 2026 నుంచి. మెడికేర్ వాళ్లకు ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటకూడదని 2023 నుంచి అమలు చేసింది. అదే ఏడాది పెద్ద ఇన్సులిన్ కంపెనీలు వాటంతట అవే ధరలు డెబ్బై శాతం దాకా తగ్గిస్తామన్నాయి. ఇరవై ఏళ్లు బస్సులు తిప్పినా, సంతకాల కోసం ఎదురుచూసినా కదలనిది, ఇంట్లో కూర్చుని గట్టిగా అడిగితే కదిలింది. బస్సులు వృథా అనను, ఆ బస్సుల వల్లే అందరికీ సిగ్గేసింది. కానీ ధర తగ్గించింది అవి మోసుకొచ్చిన సీసాలు కావు.

2025 మేలో అమెరికా అధ్యక్షుడు ఇంకో ఆజ్ఞ ఇచ్చినాడు, ఇతర సంపన్న దేశాల్లో ఉన్న తక్కువ ధరకే తమకూ ఇవ్వాలని. ఇదీ ఆ కోవలోదే, మందు బదులు ధరను దిగుమతి చేసుకోవడం. దీనికి కంపెనీలు ఏం చేస్తాయో ఊహించడం కష్టం కాదు: అమెరికాలో తగ్గించే బదులు కెనడాలో పెంచితే ఆజ్ఞ నెరవేరినట్టే కదా.

బేరం అంటే ఏదో దూరదేశం మాట అనుకోనక్కర్లేదు. మన తమిళనాడులో 1994లోనే మందుల కొనుగోలుకు ఒక ప్రభుత్వ కార్పొరేషన్ పెట్టినారు. రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రులన్నింటికీ కలిపి టెండరు పిలిచి, కంపెనీ పేరుతో కాక మందు పేరుతో కొని, బయటి ల్యాబుల్లో పరీక్ష చేయించి పంపుతారు. తర్వాత కేరళ, రాజస్థాన్ ఈ పద్ధతినే తీసుకున్నాయి. మా అమ్మమ్మ బీపీ మాత్రలు ప్రైమరీ హెల్త్ సెంటర్లో ఉచితంగా తెచ్చుకుంటుంది. లోటుపాట్లు ఉన్నాయి, కొన్నిసార్లు "అడుత్త వారం వాంగ" అని పంపేస్తారు. అయినా ప్రపంచంలో అంత డబ్బున్న దేశానికి చేతకానిది మన పీహెచ్‌సీ కిటికీ దగ్గర జరుగుతోంది.

ఇక భద్రత మాట. దిగుమతి వద్దనే కంపెనీల పెద్ద వాదన ఇదే, విదేశీ మందు నమ్మలేమని. దీనికి నా దగ్గర ఉన్న జవాబు హైదరాబాదు. అమెరికాలో రాసే చీటీల్లో పదింట తొమ్మిది జనరిక్ మందులవే. వాటిలో పెద్ద భాగం ఇండియా నుంచి పోతాయి. అందులో హైదరాబాదు చుట్టుపక్కల జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, అటు విశాఖ దగ్గర పరవాడ, ఈ ఊళ్ల వాటా చిన్నది కాదు. అమెరికా తనిఖీ అధికారులు అక్కడికి వచ్చి ఫ్యాక్టరీలు చూసి పోతారు. కాబట్టి ఫ్లోరిడాలో అత్త బీపీకి మింగే మాత్ర ఇప్పటికే మనవాళ్లు చేసింది అయ్యుండొచ్చు. దానికి ఎవరికీ భయం లేదు. అదే మాత్రను అత్త ఇక్కడ మా వీధిలో కొనుక్కుని పోతే మాత్రం ముప్పు! (మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1920లలో అమెరికా పోయి, లెడర్లీ కంపెనీలో ఏనుగుకాలు జబ్బుకు మందు తయారుచేయించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు భీమవరంలో పుట్టినవారు. ఆయన కాలంలో మన మనిషి పోయి అక్కడ మందు చేస్తే, ఇప్పుడు ఇక్కడే చేసి పంపుతున్నాం. వాదనకు అవసరం లేదు, కానీ తెలుగు డిపార్ట్‌మెంటు గోడమీద ఒక్క వాక్యం రాయకుండా ఉండలేకపోయినాను.)

ఈ జవాబు పోటీలో బాగా పేలింది, చప్పట్లు కూడా వచ్చినాయి. కానీ ఇది సగం జవాబే. 2022లో హర్యానాలో తయారైన దగ్గు మందు తాగి గాంబియాలో అరవైమందికి పైగా పిల్లలు చనిపోయినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. 2025లో మన కాంచీపురం జిల్లాలో తయారైన దగ్గు మందు తాగి మధ్యప్రదేశ్‌లో ఇరవైమందికి పైగా పిల్లలు పోయినారు. రెండో మందు ఏ దేశ సరిహద్దూ దాటలేదు. కాబట్టి విదేశీ, స్వదేశీ అనే గీతకు అర్థం లేదు. ఎవరో చూసిన మందు, ఎవరూ చూడని మందు, అంతే తేడా. అమెరికాకు పోయే మందును వాళ్ల అధికారి చూస్తాడు కాబట్టి అది మంచిది. గాంబియాకు పోయేదాన్ని, మధ్యప్రదేశ్‌కు పోయేదాన్ని చూడాల్సినవాళ్లు చూడలేదు. ఆ చూసేపని డబ్బున్నవాళ్లకే ఎందుకు జరగాలి అనేది ఇంకో వ్యాసం.

అధికారి చూసిన మందుకు కూడా కష్టాలున్నాయి. 2022 చివర్లో అహమ్మదాబాదు దగ్గర ఒక ఫ్యాక్టరీలో అమెరికా తనిఖీ వాళ్లకు చింపేసిన రికార్డులు ప్లాస్టిక్ సంచుల్లో దొరికినాయి. ఆ ఫ్యాక్టరీ పని ఆపింది. దాంతో 2023లో అమెరికాలో సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందుకు కటకట వచ్చింది. అప్పుడేం చేసినారు? అమెరికాలో అనుమతి లేని సిస్‌ప్లాటిన్‌ను చైనా నుంచి దిగుమతి చేసుకోనిచ్చినారు. అవసరం పడితే సంతకాలు తొందరగానే పడతాయన్నమాట. కానీ నాకు ఇందులో నచ్చిన విషయం ఒకటుంది. ఆ సీసాలతోపాటు డాక్టర్లకు ఒక ఉత్తరం పంపినారు, చీటీ మీద చైనా భాషలో ఏముందో, అమెరికా సీసాకూ దీనికీ తేడా ఏమిటో వివరంగా రాసి. మా అత్త పెట్టెలో లేనిది ఆ ఉత్తరం. ఎవరైనా ఒక్క కాగితం మీద "ఇది 40, ఎర్ర మూత సిరంజీ వాడాలి" అని రాసి ఉంటే చాలు.

వేరే గతి లేక మందు తెచ్చుకునేవాళ్ల సంగతి పూర్తిగా వేరు, దాన్ని అమెరికా గొడవతో కలపకూడదు. చైనాలో లూ యోంగ్ అనే వ్యాపారికి 2002లో రక్త క్యాన్సర్ వచ్చింది. అక్కడ గ్లీవెక్ మాత్రలకు నెలకు 23,500 యువాన్లు. రెండేళ్లలో ఉన్నదంతా అయిపోయే పరిస్థితి. అప్పుడు ఆయనకు హైదరాబాదు నాట్కో కంపెనీ చేసే జనరిక్ సంగతి తెలిసింది. తనకు తెప్పించుకున్నాడు, తర్వాత తనలాంటి వందల మందికి తెప్పించి పెట్టినాడు. మన దేశంలో 1970 పేటెంటు చట్టం మందుకు కాక, తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు చేయడం మన కంపెనీలు నేర్చుకున్నది ఆ చట్టం కిందనే. చైనా చట్టం ప్రకారం మాత్రం అనుమతి లేని మందు అంటే అది నకిలీ మందే. ఆయన్ను అరెస్టు చేసినారు. వందలమంది రోగులు ఆయన కోసం సంతకాలు పెట్టినారు, 2015లో కేసు వదిలేసినారు. 2018లో ఆ కథను సినిమాగా తీస్తే దేశమంతా చూసింది. 2019లో చట్టం మార్చి, వేరే దేశంలో న్యాయంగా అమ్మే మందును నకిలీ అనడం మానుకున్నారు. లూ యోంగ్ చేసినది తప్పని చెప్పమంటే నా వల్ల కాదు. అక్కడి రోగి బేరమాడలేడు, ఎదురుచూడలేడు.

అత్త కూడా ఆ 2022 వేసవిలో ఒక రకంగా లూ యోంగ్ స్థితిలోనే ఉంది. అందుకే సొంతానికి మూడు నెలల మందు తెచ్చుకోవడాన్ని నేను సమర్థిస్తాను. ఇప్పుడు అమెరికాలో అది చట్ట ప్రకారం తప్పే, కానీ చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఈ "చూసీ చూడనట్టు" ఉండటమే నాకు నచ్చనిది. తప్పు అనుకుంటూ తెచ్చుకునే మందు గురించి ఎవరినీ అడగలేం. అత్త అక్కడి ఫార్మసీకి పోయి "ఇది ఇండియా సీసా, ఏ సిరంజీ వాడాలి?" అని అడగలేదు, అడిగితే ఏమంటారో అని. న్యాయమే అని రాసిపెట్టి ఉంటే అడిగి ఉండేది. అడిగి ఉంటే ఇంకో సంగతి కూడా తెలిసేది. మేం ఐసు పెట్టి పంపిన ఆ పాత రకం ఇన్సులిన్ అక్కడ వాల్‌మార్ట్‌లో 25 డాలర్లకే దొరుకుతుందట, 100 యూనిట్లదే, వాళ్ల సిరంజీకి సరిపోయేదే. ఇది విన్నరోజు నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చవక గురించి ఇంకొక్క మాట, పోటీలో రెండు పక్షాలూ అనని మాట. మన మందు చవగ్గా ఉండటానికి మన కెమిస్టుల తెలివి, తక్కువ జీతాలు మాత్రమే కారణం కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రంలోంచి బయటికి వచ్చే నీళ్లు పరీక్షించిన ఫలితాలు ప్రచురించినారు. శుద్ధి చేసిన తర్వాతి నీళ్లు! అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే దానికన్నా ఎక్కువ. ఆ నీళ్లు చేరే వాగుల పక్కన పొలాలున్నవాళ్లు, గొడ్లున్నవాళ్లు తెలుగు రైతులే. కెనడావాళ్లకు, అమెరికావాళ్లకు, మనకూ అందే చవక మాత్రలో వాళ్లు కట్టిన పైసలు కూడా ఉన్నాయి. అందుకని చవక మందు ఆపేయమని కాదు. బేరమాడేటప్పుడు మురుగు శుభ్రం చేసే ఖర్చు కూడా ధరలో పెట్టి ఆడాలంటున్నాను. మాత్రకు ఎన్నో పైసలు పెరగవని నా నమ్మకం.

పోటీలో "కాదు" పక్షాన మాట్లాడి మొదటి బహుమతి తీసుకున్న అమ్మాయి, "దిగుమతి అంటే అదుపు పోవడం" అన్నది. ఆమెకు నా జవాబు అప్పుడు తట్టలేదు, బస్సులో తట్టింది: అదుపు ఇప్పటికే పోయింది, పెట్టెల్లో మురుకుల కింద పోతోంది, దాన్ని వెలుతుర్లోకి తెస్తే అదుపు పెరుగుతుంది. మళ్లీ కలిస్తే చెప్తాను.

అత్త వచ్చే నెల వస్తోంది. మామకు పని దొరికింది, ఇన్సులిన్ ధర అక్కడే తగ్గింది, కాబట్టి ఇన్సులిన్ వద్దంది. థైరాయిడ్ మాత్రలు, మోకాలి నొప్పికి పూసుకునే మందు మాత్రం చెప్పింది. వాటి పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు మింగాలి, అక్కడి మాత్రకు దీనికి తేడా ఏమిటి, అన్నీ మందులంగడాయన్ను అడిగి తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రెండు కాగితాలు రాస్తున్నాను. మన క్లాసులో ఎవరింట్లోనైనా ఫార్మసీ చదివినవాళ్లుంటే చెప్పండి, ఒకసారి చూపించాలి. నా వాదన ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికకు రాసివ్వండి, పక్కనే అంటిస్తాం.